దానం చాలదు, జీతం కావాలి

రిసాలిలో ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న శిశుకేంద్రానికి మన సభ్యులు కొందరు చందాలు పోగుచేసి అందజేసిన సభకు మేము హాజరైనాము. దండలు పడినవి, శాలువాలు కప్పినారు, ఉపన్యాసాలు సాగినవి. సభ ముగిసిన పిమ్మట, అక్కడి పిల్లలకు అన్నం వండి, అక్షరాలు దిద్దించే యిద్దరు స్త్రీలను పలుకరించగా, మూడు మాసాలుగా వారి చేతికి పైసా రాలేదని తెలిసినది. ఆ సంగతి సభలో యెవ్వరూ అడగలేదు. అడగనివారిలో మేమూ వున్నాము. ఆ సిగ్గుతోనే యీ నాలుగు మాటలు రాస్తున్నాము.

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది. కర్మాగారాన్నీ, చరోదా రైల్వే యార్డునూ నమ్ముకొని ఎన్నో తెలుగు కుటుంబాలు యిక్కడకు తరలివచ్చినవి. కాలక్రమాన శాశ్వత ఉద్యోగాలు తరిగి, కాంట్రాక్టరు క్రింద పనిచేసేవారు పెరిగినారు. అటువంటి కుటుంబంలో మగవాడు ప్రమాదంలో పోయినా, త్రాగుడుకు బానిసైనా, ఆ యిల్లాలికి క్వార్టరు లేదు, పింఛను లేదు. నాలుగు యిండ్లలో అంట్లు తోమి పిల్లలను సాకవలసినదే. ఆ నాలుగు యిండ్లలో మన యిల్లు కూడా ఒకటి కావచ్చును. 2021 డిసెంబరులో రిసాలి నగరపాలక సంస్థకు తొలి ఎన్నికలు జరిగినవి. ఊరికి పాలకవర్గం వచ్చినది గాని, పనికి పోయిన తల్లి బిడ్డకు నీడ యిచ్చే బాధ్యత మాత్రం చందాల మీదికి నెట్టబడుతూనే వున్నది.

స్వచ్ఛంద సంస్థలన్నీ బూటకమని, వాటి గడప తొక్కరాదని మనలో కొందరు వాదిస్తారు. ఆ వాదాన్ని మేము అంగీకరించము. భర్త చేత దెబ్బలు తిని అర్ధరాత్రి బయటపడిన స్త్రీకి తలుపు తెరచినవారిని, నీ సిద్ధాంతమేమిటని ప్రశ్నించడం అవివేకం. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెలో నాయకులు జైళ్ళలో వుండగా, కుటుంబాలను క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టగా, పొరుగువారి తోడ్పాటు విలువ యేమిటో మనకు తెలిసినది. కాని ఆ తోడ్పాటు దొరికినది గనుక బోనసు అక్కరలేదని మనం సంతకం చేయలేదు. సాయం సాయమే, హక్కు హక్కే.

ప్రభుత్వాలు చేస్తున్న మోసం సరిగ్గా యిక్కడే వున్నది. తాము చేయవలసిన పనిని సేవగా పేరు మార్చి, ఆ సేవను పేద స్త్రీల నెత్తిన పెట్టి, జీతానికి బదులు గౌరవవేతనం చూపిస్తున్నవి. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైనది. నలభైమూడేండ్లు గడచిన తరువాత, 2018 అక్టోబరు నుండి కేంద్రం అంగన్‌వాడీ కార్యకర్తకు నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 4,500 రూపాయలు, సహాయకురాలికి 2,250 రూపాయలు. ఆపైన రాష్ట్రాలు కలిపినదే అదనం. వీరిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సాంఘిక భద్రత కల్పించాలని 2013లో 45వ భారత కార్మిక మహాసభ సిఫారసు చేసినది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు వున్నదని తీర్పు చెప్పినది. అయినను ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సోదరీమణులు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చినది. వారిపై ఎస్మా ప్రయోగించినారు. గౌరవం కోసం పనిచేసేవారైతే ఎస్మా యెందుకు? అత్యవసర సేవ అయితే కనీస వేతనమైనా యెందుకు లేదు?

తపాలా సోదరులకు యీ మాయ క్రొత్త కాదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ సిబ్బంది సివిల్ పోస్టులలో వున్నవారేనని 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చినది. పేరు గ్రామీణ డాక్ సేవక్ అని మారినది, కాని రెగ్యులర్ ఉద్యోగుల హోదా దక్కలేదు. 2018 మేలో వారు సమ్మెకు దిగవలసి వచ్చినది. సేవక్ అన్న మాట, కార్యకర్త అన్న మాట ఒక్క టంకశాలలోనే అచ్చయినవి.

పోనీ, దీనికి మార్గం లేదా? ఉన్నది, మన కనుచూపు మేరలోనే వున్నది. భిలాయికి ఇనుపఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనులలో 1977 జూన్ 2, 3 తేదీలలో జరిగిన పోలీసు కాల్పులకు 11 మంది కార్మికులు బలియైనారు. మృతులలో స్త్రీ కూడా వున్నది. శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఆ గని కార్మికులు త్రాగుడుకు వ్యతిరేకంగా ఉద్యమించినారు. ప్రసవవేళ సరైన వైద్యం అందక సంఘ ఉపాధ్యక్షురాలు కుసుంబాయి మరణించగా, తమ చందాలతో, తమ శ్రమతో ఆసుపత్రి కట్టుకొన్నారు. 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి వెలసినది. అయితే ఆసుపత్రి కట్టుకొన్నామని కూలిరేట్ల పోరాటాన్ని వారు మానుకోలేదు. ఒక చేత సేవ, ఒక చేత జెండా నిలిపినారు. మనమో, చెక్కు యిచ్చి చేతులు దులుపుకొంటున్నాము.

కావున సోదర సోదరీమణులారా, మన శాఖలన్నీ తక్షణం యీ పనులకు పూనుకోవలసి వున్నది. ఏ సంస్థకు చందా యిచ్చినా, అక్కడ పనిచేసేవారికి నెలనెలా యెంత ముట్టుచున్నదో ముందు అడగాలి. లెక్క చూపని సంస్థకు దండ వేయరాదు. 2013 చట్టం ప్రకారం ఆఫీసులలో యేర్పడవలసిన అంతర్గత కమిటీలలో బయటి సభ్యులు పేరుకు మాత్రమే గాక సమావేశాలకు వచ్చేటట్లు పట్టుపట్టాలి. ప్లాట్‌ఫారం మీద దిక్కులేని బిడ్డ కనబడితే, 24 గంటలలో బాలల సంక్షేమ కమిటీ యెదుట హాజరు పరచవలెనన్న నియమం ప్రతి రైల్వే ఉద్యోగికీ తెలియాలి. అంగన్‌వాడీ కోర్కెలు మన కోర్కెల పత్రంలో చేరాలి. అన్నిటికన్న ముందు, మన యిండ్లలో అంట్లు తోమే తల్లికి న్యాయమైన జీతం, వారానికొక సెలవు మనమే యివ్వాలి. సర్కారును నిలదీసే నోటికి ఆ మాత్రం అర్హత వుండవద్దా?

ఈ వ్యాసం పూర్తిచేసే ముందు రిసాలి శాఖవారిని ఒక్క ప్రశ్న అడుగుతున్నాము. ఆ యిద్దరు స్త్రీల మూడు మాసాల బాకీ తీరినదా? జవాబును వచ్చే సంచికలో ప్రకటించడానికి సిద్ధంగా వున్నాము.