ఇంటి లెక్క: పదణాల రూపాయి

“అక్కయ్యా, వచ్చే నెల మేం కాశీ వెళ్ళి అక్కణ్ణించి నేపాల్ వెళ్తున్నాం. పై ఖర్చులకి ఎంత పట్టుకెళ్ళాలి? ఎక్కడ మార్చుకోవాలి? మావారిని అడిగితే ‘అక్కడా రూపాయలే కదా, మార్చేదేముంది’ అంటున్నారు” అని ఒక చెల్లెలు ఉత్తరం రాసింది.

చెల్లీ, మీవారన్న ఆ ఒక్క మాటే నేను కూడా అనుకుని బయల్దేరాను. దాని ఖరీదు అక్షరాలా తొమ్మిది వందల రూపాయలు. అందుకే ఈ వారం ఉప్పు పప్పుల లెక్క పక్కన పెట్టి, నేపాల్ రూపాయి లెక్క చెప్పుకుందాం.

డాలరంటే మనం జాగ్రత్త పడతాం. పేరు వేరు, రూపు వేరు. నేపాల్లో అలా కాదు. అక్కడి డబ్బు పేరు కూడా రూపాయే. కాని మన వంద రూపాయలు వాళ్ళ నూట అరవై రూపాయలతో సమానం. 1993 నుంచి ఈ లెక్క మారలేదు. డాలరు ధరలా రోజూ పేపరు చూసుకునే పని లేదు. అదొక సుఖం. కష్టమల్లా ఏమిటంటే, కొట్టువాడు “ఐదొందలు” అన్నప్పుడు అది ఏ ఐదొందలో మనం అడిగితేగాని తెలియదు. వాళ్ళు మన డబ్బుని “ఐసీ” అంటారు, వాళ్ళ డబ్బుని “ఎన్‌సీ” అంటారు. కొందరు “భారూ”, “నేరూ” అని కూడా అంటారు. భారతీయ రూపాయి, నేపాలీ రూపాయి అన్నమాట. ఈ నాలుగు ముక్కలూ బయల్దేరే ముందే బట్టీ పట్టేయండి.

2024 కార్తీకంలో మావారు, నేను, మా అత్తగారు యాత్రల బస్సువాళ్ళతో వెళ్ళాం. అత్తగారికి డెబ్భై ఏడేళ్ళు. “కాశీ చూశాను, పశుపతినాథుణ్ణి కూడా చూపించేస్తే ఇక ఏమీ అడగను” అని మూణ్ణెల్లు అన్నారు. బస్సు, బస, రెండు పూటలా భోజనం టూరువాళ్ళవే. ఆ డబ్బు ఇక్కడే కట్టేశాం. మిగిలింది చేతి ఖర్చు. ఏడాదిపాటు కూరల డబ్బులో, పాల డబ్బులో మిగిల్చి పోపుల పెట్టె వెనకాల దాచినదీ, మావారు ఇచ్చినదీ కలిపి ఇరవై నాలుగు వేలు తేలింది.

దాన్ని ఐదు కవర్లలో పెట్టాను. పోపుల పెట్టెలో గిన్నెలుంటాయి చూడండి, ఆవాల గిన్నెలో మెంతులు పోయం కదా, అలాగన్నమాట. దేవుడి ఖర్చు నాలుగు వేలు. నోటి ఖర్చు, అంటే టీలు, నీళ్ళ సీసాలు, పళ్ళు, ఫలహారాలు ఐదు వేలు. కాలి ఖర్చు, అంటే టాక్సీలు, టిక్కెట్లు ఐదు వేలు. చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ కానుకలు నాలుగు వేలు. చివరి ఆరువేలూ ముడి. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అది నా దగ్గరుంటే బజార్లో చెయ్యి ఆగదని అత్తగారికిచ్చాను. ఆవిడ చేతిరుమాల్లో ముడి వేసి రొంటిన దోపుకున్నారు.

నోట్ల సంగతి కూడా చెప్పాలి. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం వందకి మించిన మన నోట్లు తమ దేశంలో చెల్లవని ప్రకటించింది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు వారం మీ బ్యాంకులో ఒకసారి కనుక్కోండి. వంద నోటుకి మాత్రం ఆ పేచీ లేదు. మేం వారం ముందే బ్యాంకుకి వెళ్ళి వంద నోట్లు కావాలని అడిగి తీసుకున్నాం. సరిహద్దు దగ్గర హడావిడిగా అడిగితే దొరకవు. దొరికినా కమిషను అడుగుతారు.

గోరఖ్‌పూర్ మీదుగా సోనౌలి చేరాం. అదే సరిహద్దు. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోమన్నారు, నేపాల్ సమయం మనకంటే అంత ముందు. అక్కడ బస్సు ఆగీ ఆగగానే నోట్ల కట్టలు పట్టుకుని కుర్రాళ్ళు చుట్టూ మూగారు. “వందకి నూట యాభై” అంటున్నారు. పది రూపాయలే కదా తేడా అని మావారు జేబులో చెయ్యి పెట్టబోయారు. అయితే పదివేలు మారిస్తే వాళ్ళ డబ్బులో వెయ్యి రూపాయలు, మన డబ్బులో ఆరు వందల పాతిక పోతుంది. బోర్డు, రసీదు ఉన్న కౌంటరు దాకా నాలుగడుగులు నడిచి పదివేలిచ్చి పదహారు వేలు తీసుకున్నాం. నా అంత తెలివైనది లేదనుకున్నాను ఆ పూట.

ఆ తెలివి పొఖరా దాకా నిలిచింది. అక్కడ సరస్సు ఒడ్డున కొట్లన్నీ తిరిగి, ఒక కొట్లో మూడు శాలువాలు బేరమాడాను. ఒక్కొక్కటి పన్నెండొందలు చెప్పాడు. నేను ఎనిమిదొందలకి దింపాను. మూడూ కలిపి రెండువేల నాలుగొందలు. గెలిచిన సంతోషంలో కానుకల కవరు తీసి మన వంద నోట్లు ఇరవై నాలుగు లెక్కపెట్టి ఇచ్చాను. అతను ఎంచుకుని, గల్లాలో వేసుకుని, నమస్కారం పెట్టాడు. తిరిగి ఇవ్వాల్సింది ఉందని చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాత్రి గదిలో అత్తగారు శాలువా తడిమి చూస్తూ, “బాగున్నాయమ్మాయ్, ఎంత పడ్డాయి?” అన్నారు.

“మూడూ రెండువేల నాలుగొందలు అత్తయ్యా.”

“ఏ రూపాయలు?”

నాకు నోట మాట రాలేదు. ఆవిడ మాత్రం శాలువా ఒళ్ళో పెట్టుకుని వేళ్ళమీద లెక్క మొదలెట్టారు. వాళ్ళ నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని అణాల లెక్కలు నేర్చారట. “బస్సులో ఆ అబ్బాయి మన వందకి వాళ్ళది నూట అరవై అన్నాడు కదా. మన రూపాయికి పదహారణాలు. అంటే వాళ్ళ రూపాయి మన పదణాలు. అర్ధరూపాయీ, పైన బేడా. రెండువేల నాలుగొందలకి అర్ధ లెక్కన పన్నెండొందలు, బేడ లెక్కన మూడొందలు. పదిహేను వందలివ్వాల్సింది పిల్లా” అన్నారు.

తొమ్మిది వందలు! సంచిలో కాలిక్యులేటరున్న ఫోనుంది. అది తియ్యాలని తోస్తే కదా! తెల్లవారుజామున నాలుగింటికే బస్సు. కొట్లు తెరిచేది తొమ్మిదికి. వెనక్కి వెళ్ళి అడిగే దారి లేదు.

నిజం చెప్పాలంటే నాకు డబ్బు పోయినందుకంటే మావారికి తెలుస్తుందనే బాధ ఎక్కువైంది. ఇంటి లెక్కల విషయంలో ఎప్పుడూ నాదే పైచెయ్యి మరి. మా చెల్లెలికీ, పక్కింటివాళ్ళకీ ఇంకా కొనాల్సినవి ఉన్నాయి. “అత్తయ్యా, ముడిలోంచి ఓ వెయ్యి ఇవ్వండి, ఇంటికెళ్ళాక కలిపేస్తాను” అన్నాను. ఆవిడ రొంటి మీద చెయ్యి పెట్టుకుని, “కానుకలు తగ్గించుకో. ముడి మాత్రం విప్పను” అన్నారు. ఎంత చెడ్డా అత్తగారు అత్తగారే అని మనసులో అనుకుని, మూతి ముడుచుకుని పడుకున్నాను.

మర్నాడు సాయంత్రానికి కాఠ్మండూ చేరాం. పశుపతినాథుడి దర్శనం పొద్దున్నకి. ఆ రాత్రి చలికి అత్తగారికి దగ్గు పట్టుకుంది. అర్ధరాత్రికి ఆయాసం. ఒకపక్క చెమటలు. కొత్త ఊరు, కొత్త భాష. హోటలు కుర్రాడు టాక్సీ పిలిస్తే ముగ్గురం ఆస్పత్రికి పరిగెత్తాం. డాక్టరు చూసి, ఆవిరి పట్టించి, ఇంజక్షను చేసి, భయం లేదన్నాడు. ఫీజు, మందులు, రానుపోను టాక్సీ అంతా కలిపి నాలుగువేల ఎనిమిదొందలు తేలింది. మా దగ్గరున్న నేపాల్ డబ్బు హోటలు గదిలో పెట్టెలో ఉండిపోయింది. ఫోనులో కడదామంటే మావారి ఫోనుకి సిగ్నలు లేదు. ఆయన ముఖం పాలిపోయింది.

మంచం మీంచే అత్తగారు రొంటిలోంచి రుమాలు తీసి నా చేతిలో పెట్టారు. “పదణాల లెక్కన మూడువేలు. చూసి ఇయ్యి” అన్నారు. ఈసారి అడిగాను, “ఐసీయా, ఎన్‌సీయా?” అని. ఎన్‌సీయే. ముప్ఫై వంద నోట్లిచ్చి రసీదు తీసుకున్నాను. ముడిలో వెయ్యి తగ్గినా ఆ రాత్రి గడిచేదే. కాని పొఖరాలో ఒకసారి విప్పితే కాఠ్మండూ బజారు చూశాక ఇంకోసారి విప్పమనేదాన్ని. నా సంగతి నాకు తెలుసు.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నప్పుడు మావారితో శాలువాల సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “పొఖరాలో టాక్సీ అతను ఎనిమిదొందలన్నాడు చూడు, నేను మన డబ్బే ఎనిమిదొందలిచ్చాను. దిగాక తెలిసింది. నీకు చెప్పలేదు” అన్నారు. ఆయనది మూడొందలు, నాది తొమ్మిదొందలు. లోపల్నించి అత్తగారి దగ్గు, దాని వెనకే నవ్వు వినిపించాయి.

పొద్దున్నే శాలువా కప్పుకుని ఆవిడ పశుపతినాథుణ్ణి చూశారు. ఆ తొమ్మిదొందల శాలువాలో నాకిప్పుడు అంత నష్టం కనిపించదు గాని, మీరు మాత్రం అంత పెట్టి కొనకండి. ఈ కింది సంగతులు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

లెక్క: నేపాల్ ధరని సగం చెయ్యండి. ఆ సగంలో నాలుగో వంతు కలపండి. ఎనిమిదొందలకి సగం నాలుగొందలు, అందులో నాలుగో వంతు వంద, మొత్తం ఐదొందలు. మన డబ్బుని వాళ్ళ డబ్బులోకి తేవాలంటే ఒకటిన్నర రెట్లు చేసి, పదోవంతు కలపండి. ఐదొందలకి ఏడొందల యాభై, పైన యాభై, మొత్తం ఎనిమిదొందలు.

బేరం: ధర అడగ్గానే “ఐసీయా, ఎన్‌సీయా” అని అడగండి. బేరం ఏ డబ్బులో ఆడితే ఆ డబ్బులోనే ఇవ్వండి. మన నోటిస్తే చిల్లర సాధారణంగా వాళ్ళ డబ్బులోనే వస్తుంది. ఎంత రావాలో ముందే పైకి చెప్పండి.

నోట్లు: వాళ్ళ నోట్ల మీద ఒకవైపు ఎవరెస్టు శిఖరం, రెండోవైపు జంతువుల బొమ్మలు ఉంటాయి. వెయ్యి మీద ఏనుగు, ఐదొందల మీద పులి, వంద మీద ఖడ్గమృగం. చీకట్లో, తొందర్లో అంకె కనిపించకపోయినా జంతువు కనిపిస్తుంది.

మార్చుకోవడం: చేతి ఖర్చులో సగం మాత్రమే మార్చండి. మిగతాది మన వంద నోట్లలోనే ఉంచండి. శనివారం అక్కడ సెలవు, బ్యాంకుల మీద ఆశ పెట్టుకోకండి. ఏటీఎంలో వాళ్ళ డబ్బే వస్తుంది, ఛార్జీ కూడా పడుతుంది. 2024 మార్చి నుంచి అక్కడి కొన్ని కొట్లలో మన యూపీఐతో కట్టే వీలొచ్చింది. కాని దాన్నే నమ్ముకుని వెళ్ళకండి.

కాగితాలు: మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు కార్డు గాని అసలుది పట్టుకెళ్ళండి, జిరాక్సు కాదు.

ముడి: మొత్తంలో నాలుగో వంతు. కొనే మనిషి దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర. పెట్టెలో కాదు, ఒంటిమీద.

తిరుగు దారి: మిగిలిన నేపాల్ డబ్బు సరిహద్దు దాటకముందే మార్చేసుకోండి. ఇక్కడికొచ్చాక దానితో కిలో ఉల్లిపాయలు కూడా రావు. మాకు ఆఖర్న కృష్ణజింక బొమ్మున్న పది రూపాయల నోటొకటి మిగిలింది. అత్తగారు దాన్ని నా పోపుల పెట్టె మూతలో అతికించారు. “ఆరుంపావు రూపాయలు, మర్చిపోకు” అన్నారు.

ఉత్తరం రాసిన చెల్లీ, మీవారికి ఇది చదివి వినిపించు. క్షేమంగా వెళ్ళి రండి. వచ్చాక ఏ కవర్లో ఎంత మిగిలిందో నాకు రాయి.