రేటింగు వెనక లెక్క

ఏప్రిల్ వస్తే మా ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర కూడా మాటలు తగ్గిపోతాయి. అప్రైజల్స్ మరి! అందరూ బాగా చేసినా, టీమ్‌లో ఒకరికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలి. పోయినేడాది అది నాకొచ్చింది.

ఆ కోపంతోనే స్ట్రాటెజిక్ హెచ్‌ఆర్ పాఠాలు వినడం మొదలుపెట్టాను. కంపెనీ ఎటు వెళ్లాలనుకుంటుందో దాన్నిబట్టే మనుషుల్ని తీసుకోవడం, నేర్పడం, జీతాలు పెంచడం ఉండాలట. జీఈలో జాక్ వెల్చ్ 20-70-10 లెక్క పెట్టారు. పై 20 శాతానికి బహుమతులు, కింది 10 శాతానికి ఉద్వాసన. అలాంటి ర్యాంకులే ఇస్తూ వచ్చిన మైక్రోసాఫ్ట్ 2013 నవంబర్‌లో వాటిని ఎత్తేసింది. టీమ్‌లన్నీ కలిసి పనిచేయాలన్నది అప్పటి కొత్త వ్యూహం. ర్యాంకులేమో పక్కవాడితోనే పోటీ పెడతాయి. రెండూ ఎలా పొసుగుతాయి చెప్పండి?

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రేటింగ్‌కి ముందు, కొత్తగా చేరిన అమ్మాయి కోడ్‌లో ఇరుక్కుని సాయం అడిగితే "రేపు చూద్దాం" అన్నాను. ఆ రేపు రానేలేదు. తీరిక లేక కాదు, తను ముందుకెళ్తే నేను వెనకబడతానని. (అయినా వెనకబడ్డాను లెండి.)

ఈసారి ఫారంలో 'సూచనలు' గడి ఖాళీగా వదల్లేదు. 'పక్కవాళ్లకు సాయం చేసిన గంటలు ఎక్కడ లెక్కిస్తారు?' అని రాశాను. మేనేజర్ గారు ఇంకా పిలవలేదు.