మైలేజీ: మాట, లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కారు కొని చూడు అనే మాటను కూడా ఈ కాలం ఆ వరుసలో చేర్చింది. ఏనుగును కొనడం కన్నా మేపడమే కష్టమన్న లోకోక్తి కారుకు చక్కగా వర్తిస్తుంది. కారు ధర కొన్నేళ్ళ వాయిదాలతో తీరిపోతుంది. పెట్రోలు ఖర్చు మాత్రం బండి ఉన్నంతకాలం వెంటే ఉంటుంది. అందువల్లనే మధ్యతరగతి కొనుగోలుదారు రంగునూ హంగులనూ చూడక ముందే "మైలేజీ ఎంత ఇస్తుంది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న సముచితమైనదే. దానికి లభించే జవాబును అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరుగుతున్నది.

1983 డిసెంబరులో విపణిలోకి వచ్చిన మారుతి 800 చిన్న కారును సామాన్య కుటుంబాల ఆశలకు చేరువ చేసింది. 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయింది గాని, అది రేకెత్తించిన ఆశ ఆగలేదు. నగరం పెరిగిన కొద్దీ ఆ ఆశ అవసరంగా మారింది. హైదరాబాదుకు ఆగ్నేయపు అంచున ఉన్న బడంగ్‌పేట్ ఇందుకు ఒక నిదర్శనం. ఒకనాటి పల్లె నేడు కాలనీల సముదాయమైంది. మెట్రో రైలు 2018లో ఎల్.బి. నగర్ వరకు వచ్చినా, ఇక్కడివారు ఆ స్టేషను చేరడానికే మరొక వాహనం చూసుకోవాలి. ఇంటిల్లిపాదికీ ఉపయోగపడుతుందని చిన్న పెట్రోలు కారు కొనుక్కొన్న ఉద్యోగి మీర్‌పేట, కర్మన్‌ఘాట్‌ల మీదుగా ఎల్.బి. నగర్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో బయలుదేరుతాడు. నెల తిరిగేసరికి ప్రకటనలో చదివిన సంఖ్యకూ పెట్రోలు బంకులో చెల్లించిన సొమ్ముకూ పొంతన కుదరదు. తాను మోసపోయానని భావిస్తాడు.

ఇది నిజంగా మోసమేనా? ప్రకటనలోని సంఖ్య ఎలా పుట్టిందో తెలుసుకొంటే తప్ప ఈ ప్రశ్నకు న్యాయమైన సమాధానం దొరకదు. 1966లో ఏర్పడిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ పుణెలో ఉన్నది. అటువంటి పరీక్షా సంస్థలు ధ్రువీకరించిన మైలేజీనే తయారీదారులు ప్రకటిస్తారు. చాలాకాలంగా అనుసరిస్తూ వచ్చిన పద్ధతి ప్రకారం, కారును పరీక్షాశాలలో తిరిగే రోలర్ల మీద నిలిపి, ముందే నిర్ణయించిన వేగాల పట్టికననుసరించి 1180 సెకన్ల పాటు నడుపుతారు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ పని చేయదు. వెలువడిన పొగను విశ్లేషించి, ఎంత ఇంధనం ఖర్చయిందో గణిస్తారు. అన్ని కార్లకూ ఒకే కొలబద్ద ఉంటేనే ఒకదానితో మరొకదానిని పోల్చగలమన్న వాదన కాదనలేనిది. అయితే ఆ గదిలో గుంతలు లేవు, మే నెల ఎండ లేదు, అడ్డంగా వచ్చే ఆటో లేదు. కనుక ఆ సంఖ్య అబద్ధం కాకపోయినా, ఏ ఒక్కరి నిత్య ప్రయాణానికీ చెందినది కాదు.

వాస్తవ జీవితంలో ఈ తేడా ఏమి చేస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. ఒక ఉద్యోగి రోజుకు 24 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు కారు నడుపుతాడనుకొందాం. మొత్తం 600 కిలోమీటర్లు. లీటరుకు 24 కిలోమీటర్లు వస్తే 25 లీటర్లు చాలు. రద్దీలో 15 కిలోమీటర్లే వస్తే 40 లీటర్లు కావాలి. 2024 మార్చిలో రెండు రూపాయలకు పైగా తగ్గిన తరువాత కూడా హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 107 రూపాయలు దాటే ఉండేది. లీటరుకు 107 రూపాయల లెక్కన ఈ 15 లీటర్ల తేడా నెలకు 1,605 రూపాయలు, ఏడాదికి 19,260 రూపాయలు. ఈ మొత్తాన్ని ముందుగా ఊహించని కుటుంబం పిల్లల చదువు కోసమో వైద్యం కోసమో దాచిన డబ్బును తీయవలసి వస్తుంది.

ఈ తేడాకు కారణాలు రహస్యాలేమీ కావు. నిలిచి ఉన్న బండి ఇంజను కూడా పెట్రోలు తాగుతుంది. చిన్న కారు ఇంజను ఊరకే తిరుగుతుంటే గంటకు సుమారు అర లీటరు ఖర్చవుతుంది. పై ఉద్యోగి రోజుకు 40 నిమిషాలు సిగ్నళ్ళ వద్ద నిరీక్షిస్తే, ఆ రోజు వాడిన పెట్రోలులో దాదాపు ఐదో వంతు ఒక్క అడుగైనా కదలకుండానే హరించుకుపోతుంది. వేగం పుంజుకోవడానికి వెచ్చించిన శక్తి, బ్రేకు నొక్కిన ప్రతిసారీ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అదే కారును ఔటర్ రింగు రోడ్డు మీద నిలకడగా నడిపితే లెక్క ఎంతో మెరుగవుతుంది. అక్కడ కూడా మితిమీరిన వేగం పనికిరాదు. గాలి కలిగించే నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని సూచించడంలోని ఆంతర్యమిదే.

ఇటీవల ఇంధనం స్వభావమే మారింది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం దేశమంతటా సాధారణమైంది. దిగుమతి చేసుకొనే ముడిచమురు భారాన్ని తగ్గించడం దీని ఉద్దేశాలలో ఒకటి. ఆ ఉద్దేశం మంచిదే. కాని ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి, లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. ఈ మిశ్రమం కోసం రూపొందించని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే అంచనా వేశారు. దేశానికి కలిగే లాభాన్ని చెప్పినంత గట్టిగా, వినియోగదారుకు కలిగే ఈ నష్టాన్ని కూడా చెప్పడం ప్రజాస్వామ్య ధర్మం.

అయితే వినియోగదారు బాధ్యత ఏమీ లేదా? తప్పక ఉన్నది. టైర్లలో గాలి తగినంత ఉంచుకోవడం, ముందున్న ఎర్రదీపాన్ని దూరం నుంచే గమనించి యాక్సిలరేటరు వదలడం, అనవసరపు బరువును దించివేయడం అతని చేతిలోని పనులే. వాలులో న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం నేటి కార్లకు చెల్లదు. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే ఇంజనుకు ఇంధన సరఫరా దానంతట అదే ఆగుతుంది. న్యూట్రల్‌లో బండిపై అదుపు తగ్గి ప్రమాదం పొంచి ఉంటుంది. అయినా ఎంతటి నేర్పరి అయినా కదలని రద్దీలో పెట్రోలును ఆదా చేయలేడు. మంచి రోడ్లు, సమయానికి వచ్చే బస్సులు కూడా మైలేజీలో భాగమేనని పాలకులు గుర్తించాలి. తయారీదారులు కూడా పరీక్ష జరిగిన పరిస్థితులను సంఖ్య పక్కనే, అంతే పెద్ద అక్షరాలలో ముద్రించాలి.

అంతవరకు మిగిలిన ఉపాయం ఒక్కటే: సొంత లెక్క. ట్యాంకు నిండుగా పోయించి, మీటరు అంకెను రాసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, వీలైతే అదే బంకులో మళ్ళీ నిండుగా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారి వేసిన లెక్క దారి తప్పించవచ్చు గనుక, మూడు నాలుగు సార్లు వేసి సగటు తీయాలి. చిన్న పుస్తకంలో రాసుకొన్న ఆ అంకెలో బడంగ్‌పేట్ దారి ఉంటుంది, ఎల్.బి. నగర్ రద్దీ ఉంటుంది, నడిపేవాడి ఓర్పు ఉంటుంది. కుటుంబ బడ్జెట్‌కు ఆధారం కావలసినది ఆ అంకె.