గ్రీజుకు డబ్బుల్లేవా?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. రాయలసీమ రైతు కాలువ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న వేళ, నిండిన జలాశయం కళ్లముందే కిందికి పారింది. ఆ ఖాళీని మూయడానికి స్టాప్‌లాగ్ కూడా సిద్ధంగా లేదు. అప్పటికప్పుడు ఇనుప పలకలు చేయించి, పారే వరదలోనే దింపాల్సి వచ్చింది.

పాత డ్యాం, డెబ్బై ఏళ్లది, ఏం చేస్తాం అన్నారు. మరి పులిచింతల సంగతేమిటి? నీళ్లు నిలిపి పదేళ్లయినా కాకముందే, 2021 ఆగస్టు 5న దాని 16వ గేటు ఊడిపోయింది. ఆ చోట అడ్డు వేయడానికి, దాదాపు నిండిన జలాశయంలోని కృష్ణా నీటిని సముద్రం పాలు చేశారు. గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు పోయింది. పోనీ బుద్ధి వచ్చిందా? 2023 డిసెంబరులో మరొకటి పోయింది!

అన్నమయ్య ప్రాజెక్టులో పోయింది నీళ్లు మాత్రమే కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు నది విరుచుకుపడితే అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మునిగిపోయాయి. పదుల ప్రాణాలు పోయాయి. దానికి పెట్టిన పేరు ‘అనూహ్య వరద’. వరద అనూహ్యమే కావచ్చు, కదలని గేటు కూడా అనూహ్యమేనా?

గేటు ఒక్క రాత్రిలో చావదు. ముందు రంగు పొర లేస్తుంది. రబ్బరు సీళ్లు చిరిగి నీళ్లు చిమ్ముతాయి. గొలుసు లంకెలను తుప్పు తింటుంది, ఇనుప తాళ్లు పోగుపోగుగా తెగుతాయి, గ్రీజు ఎండి రోలర్లు బిగుసుకుంటాయి. ఇదంతా రోజూ గట్టు మీద తిరిగే లస్కరుకు కనిపిస్తుంది. అతడు చెబితే వినే నాథుడేడీ? ఖాళీ అయిన పోస్టులు నింపరు. పంపిన అంచనాలకు ఆమోదం రాదు. కొత్త ప్రాజెక్టుకు శిలాఫలకం ఉంటుంది, దాని మీద పేరుంటుంది, పూలదండ ఉంటుంది. పాత గేటుకు గ్రీజు పూస్తే ఎవడి ఫొటో పడుతుంది?

చట్టం లేదా అంటే ఉంది. 2021లో వచ్చిన డ్యాం భద్రత చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలంటుంది. తనిఖీ చేసిందెవరు, ఏం రాశారు, అడిగిన డబ్బు ఎవరి బల్ల మీద ఆగింది? ఆయకట్టు రైతుకు, దిగువ పల్లెకు చెప్పేవాళ్లెవరు? గేటు పోయాక హెలికాప్టర్‌లో వస్తారు, కమిటీ వేస్తారు, వరదతో పాటే ఆ కమిటీ మాటా పోతుంది.

ఇక చాలు. ప్రతి డ్యాం గట్టు మీద బోర్డు పెట్టండి: ఏ గేటును ఏ తేదీన ఎత్తి దింపి చూశారు, ఏది మొరాయించింది, దాని మరమ్మతుకు ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు, సంతకం ఎవరిది. ప్రారంభోత్సవ ఫలకం మీద చెక్కించుకున్నంత పెద్ద అక్షరాల్లో రాయండి. అది రాయడానికి భయమేస్తే, ఆ భయానికి కారణం మాకు తెలుసు.