కిలోమీటరుకి చీరన్నర

మా వదిన చేతి గాజులు ఏడాది తిరక్కుండానే రెండోసారి కుదవకెళ్లాయి. మొదటిసారి మా మేనల్లుడు పికప్ బండి కొన్నప్పుడు, చీటీ డబ్బు చాలక. అది సరే, సంసారమన్నాక ఉండేదే. రెండోసారి మాత్రం టైర్ల కోసం! తొమ్మిది నెలల బండికి అప్పుడే టైర్లేమిటి వదినా అంటే, "ఏమో, మొగోళ్ల సంగతులు. మనకేం తెలుస్తాయి?" అంది. ఆ మాటే నా చేత కలం పట్టించింది.

ధర్మవరంలో మావాళ్లకి మగ్గాలున్నాయి. బండి ఉంటే చీరలు చేరవేసుకోవచ్చు, ఖాళీ రోజుల్లో హిందూపురం మార్కెట్టుకి చింతపండు కిరాయికి తోలుకోవచ్చు అనుకున్నారు. మంచి ఆలోచనే. కానీ మావాడు ఫోనులో ఎవరెవరివో బళ్లు చూసి, తన బండి కూడా "డౌన్" చేయించాడు. అంటే స్ప్రింగులు మార్చి బండిని నేలకి దగ్గరగా దించడమన్న మాట. లేపాక్షి గుళ్లో వేలాడే స్తంభం కిందనుంచి పైట కొంగు లాగి చూసి మురిసిపోతాం కదా, మావాడి బండి కింద ఆ కొంగైనా దూరుతుందో లేదో!

అందానికి 18,000 రూపాయలు పోశాడు. మరి చక్రాల అలైన్‌మెంట్ చేయించావురా అంటే, "స్టీరింగు నేరుగానే ఉండాది కదత్తా! ఊరికే ఆరునూర్లు దండగెందుకు?" అన్నాడు.

ఆ దండగ సంగతి నాకు పెనుకొండలో తెలిసింది. హిందూపురం నుంచి ధర్మవరానికి ఆ బండిలోనే బయల్దేరాం. సోమందేపల్లి దాటాక గమనించాను, వాడి చేతులు స్టీరింగుని కుడివైపుకి లాగిపట్టుకునే ఉన్నాయి. కాస్త వదిలితే బండి ఎడమకి పోతోంది. పక్కనే కొత్త కార్లు మోసుకెళ్లే పొడవాటి లారీలు. సన్నగా వాన. నాకు గుండె జారిపోయింది. పెనుకొండలో టైర్ల కొట్టు కనిపించగానే ఆపమన్నాను.

ఆ కొట్టులోని పెద్దాయన వంగి టైరు మీద అరచెయ్యి రాసి, "అమ్మా, ఇట్ల చూడండి" అన్నాడు. బయటి అంచు మీద గాడులు కొత్తగానే ఉన్నాయి. లోపలి అంచు బోడిగుండు! ఒకచోట లోపలి తీగ కూడా తేలింది. నిలబడి చూసేవాడికి అది కనబడదు. వంగాలి. వాన రోడ్డు మీద ఆ బోడి అంచుతో ఇంతమందిమి కూర్చుని వచ్చామన్న మాట!

నేను చదివింది బి.ఏ. నాకర్థమైనట్టే చెబుతాను. ముందు చక్రాలు రెండూ విడివిడిగా ఊగే బండిని కిందికి దించితే, వాటిని పట్టుకున్న చేతుల వాలు మారుతుంది. చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది. దాన్ని క్యాంబర్ అంటారు. స్టీరింగు కడ్డీల వాలు కూడా మారడంతో చక్రాల ముందు భాగాలు లోపలికో బయటికో తిరుగుతాయి, చంటిపిల్ల తప్పటడుగుల్లో పాదాలు తిరిగినట్టు. అది టో. చక్రాలు రెండూ సమంగా తప్పు తిరిగినా స్టీరింగు మాత్రం నేరుగానే కనిపిస్తుంది! మావాడి ధీమా అంతా అక్కడే బోల్తాపడింది. వెనక ఇరుసు వంకరగా కూర్చుంటే బండి ఎండ్రకాయలా నడుస్తుంది కాబట్టి నాలుగు చక్రాలూ కొలవాలి.

డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు లెక్కవేసి చూపించింది. నేరుగా పోవలసిన చక్రం అర డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే, కిలోమీటరుకి దాదాపు 9 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టట. చీర పొడవు ఐదున్నర మీటర్లనుకోండి. కిలోమీటరుకి చీరన్నర పొడవున రబ్బరుని రోడ్డుకేసి రుద్దుతున్నారన్న మాట. ఆ రబ్బరు ఎవరి గాజులు?

"లోడెత్తితే ఏ బండైనా దిగుతాది కదత్తా, అప్పుడు టైర్లు తినవా?" అని వాదించాడు మావాడు. తెలివైన ప్రశ్నే. కానీ నాయనా, ఆ బరువుని కంపెనీవాళ్లు ముందే లెక్కగట్టారు. పైగా సాయంత్రానికి బరువు దిగిపోతుంది. నువ్వు దించినది రాత్రింబగళ్లు దిగే ఉంటుంది, దాని మీద మళ్లీ చింతపండు మూటలు! పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా చక్రాల కోణాలు కొలిచి సరిచేశాకే కారుని గేటు దాటిస్తారు. మట్టి అంటని కారుకే అది కావలిస్తే, స్ప్రింగులు పీకి మార్చిన బండికి అక్కర్లేదా?

తప్పు కుర్రాళ్లది ఒక్కటే కాదు లెండి. దించే చోట డబ్బు లెక్కపెట్టుకుని "అలైన్‌మెంట్ మా పని కాదు" అంటారు. అలైన్‌మెంట్ చేసే చోట కొందరు టో ఒక్కటి తిప్పి, స్టీరింగు నిటారుగా పెట్టి పంపేస్తారు. పద్ధతిగా చేసేవాడు ముందు గాలి చూస్తాడు, చక్రం పట్టి ఊపి కీళ్లు వదులయ్యాయేమో చూస్తాడు, ఆ తరవాతే మిషను పెడతాడు. కొత్త స్ప్రింగులు సర్దుకున్నాక ఇంకోసారి రమ్మంటాడు. మారిన వాలుని సర్దే వీలు బండికి లేకపోతే, ఆ మాట మొహం మీదే చెబుతాడు.

అసలు దించడమే చట్టానికి కిట్టదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవాళ్లు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడు వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. నన్నడిగితే లేపెయ్యమనే అంటాను. కానీ దించినా, మళ్లీ లేపినా కోణాలు మారతాయి, అలైన్‌మెంట్ తప్పదు.

ఇప్పుడు వదిన మాటకొస్తాను. మనకేం తెలుస్తాయట! మగ్గం మీద పడుగు ఒకపక్క బిగువు తగ్గితే నాలుగడుగుల దూరంనుంచే పట్టేసే మనిషి ఆవిడ. ఒక్క పోగు వదులైతే అంచు ఎలా వంకరపోతుందో, దాన్ని ఎక్కడ సర్దాలో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలైన్‌మెంటంటే అదే కదా! చీటీ కట్టేది మనం, గాజులు తీసిచ్చేది మనం. బండి కింద వంగి చూడ్డానికి మాత్రం మొగోళ్ల సంగతా? స్ప్రింగులకి డబ్బిచ్చేటప్పుడే, అలైన్‌మెంట్ కాగితమేదిరా అని చెయ్యి చాపాలి. రెండు ఖర్చులు కావవి, ఒకటే.

ఈ మాటలన్నీ వదినతో అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. మర్నాడు కొడుకుని వెంటబెట్టుకెళ్లి పాత స్ప్రింగులు వేయించింది. కొత్త టైర్లు ఎక్కాక అలైన్‌మెంట్ కొట్టు ముందు స్టూలు వేసుకుని మిషను నుంచి కాగితం వచ్చేదాకా కూర్చుందట. "అంకెలు ఎర్రగా ఉంటే తప్పు, పచ్చగా ఉంటే ఒప్పు అంట" అని ఫోనులో చెప్పింది. ఆ కాగితం గాజుల కుదవ చీటీతో పాటు బీరువాలో మడిచిపెట్టింది.