వరిబీజమును దాచుకొనుట తగదు

మన మగవారు ఇంట కూడ చెప్పక దాచుకొను జబ్బు వరిబీజము. బీజము చుట్టునున్న పొరలో నీరు చేరి సంచి వాచుటయే ఇది. ఒడిశాలోని గంజాం జిల్లాలోను, గోదావరి తీరమునను ఉన్న మనవారిలో దీనికి పెద్ద కారణము బోదకాలు తెచ్చు పురుగే. మురుగునీటిలో పుట్టు దోమ ఆ పురుగును ఒకరినుండి మరొకరికి మోయును. మగ్గపుటింటి ప్రక్కనే గంజినీరు నిలువచేయు మన అలవాటు దోమలకే మేలు చేయుచున్నది.

చెడు తిరుగుడువలన వచ్చినదని ఊరివారు నవ్వుదురు, వట్టిమాట. ఆపరేషనుతో మగతనము పోవునని భయపడువారు మరికొందరు. వైద్యులు సరిచేయునది పొరను, సాధారణముగా బీజమును ముట్టరు. నాటువైద్యునిచేత సూదితో నీరు తీయించుకొన్నచో మరల చేరును, చీముపట్టు ప్రమాదమును కలదు. 2004లో సర్కారువారు ఏటేటా పంచుట మొదలిడిన మాత్రలు పురుగుపిల్లలను చంపును గాని చేరిన నీటిని తీయవు.

అసలు అడ్డంకి సిగ్గు కాదు, కూలి. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషను ఉచితమే కావచ్చును. కాని తరువాత కొన్నాళ్లు గుంటమగ్గములో దిగి తొక్కుడుచెక్కలు తొక్కరాదు. అన్నాళ్లు పొయ్యి ఎట్లు వెలుగును? ప్రతి సంఘమును పొదుపు నిధినుండి బయానా ఇచ్చి, పిదప నేతకూలిలో కొంచెము కొంచెముగా మినహాయించుకొనవలెనని మా అభిప్రాయము. మినిట్సు పుస్తకములో జబ్బు పేరు వ్రాయనక్కరలేదు, అనారోగ్యమన్న చాలును.

దగ్గినపుడు పెరిగి, పడుకొన్నపుడు లోనికిపోవు వాపు వేరు. అది ప్రేగు జారుటవలన వచ్చు హెర్నియా. అది నొప్పితో గట్టిపడి వాంతులైనచో పడుగు ముగియువరకు ఆగక ఆనాడే ఆసుపత్రికి పోవలెను.