గాలి భయానికి పాత మందు

పిల్లలూ,

రాత్రివేళ గాలి హోరుమంటే మీకు నిద్ర పడుతుందా? ఉద్దానం పిల్లలకు ఈ ప్రశ్న వివరించి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి చెట్లు తోటలు తోటలుగా కూలిపోయాయి. మొక్క నాటి కొన్నేళ్లు ఓపిక పడితే తోట మళ్లీ కాపుకొస్తుంది. కాని ఆ హోరు విన్న మనసు, మామూలు గాలికి కూడా ఉలిక్కిపడుతూనే ఉంటుంది.

ఇలాంటి భయానికి చాలా పాత మందు ఒకటుంది. దాన్ని మైత్రీభావన అంటారు. పాళీ భాషలో దీని పేరు 'మెత్తా'. మన 'మెత్తన'కూ దీనికీ చుట్టరికం లేదు గాని, పేరు మాత్రం బాగా అతికింది!

దీన్ని గురించి బౌద్ధులు ఒక కథ చెబుతారు. కొందరు భిక్షువులు వానాకాలం గడపడానికి ఒక అడవికి వెళ్లారట. రాత్రయ్యేసరికి చెట్లమీది దేవతలు వికృతరూపాలు చూపించి, వింత కూతలు కూసి, వాళ్లను హడలగొట్టారు. భిక్షువులు బుద్ధుడి దగ్గరకు పరుగెత్తుకొచ్చి, మరో చోటు చూపమన్నారు. ఆయన చోటు మార్చలేదు, కర్రా కత్తీ ఇవ్వలేదు. తిరిగి ఆ అడవికే వెళ్లి, తమను భయపెట్టినవాళ్ల మేలు కోరుకోమన్నాడు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకునేరు! టెక్కలికి దక్షిణంగా, వంశధార ఒడ్డున, శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటి సంగతి లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆ కొండమీది భిక్షువులు కూడా మన సముద్రపు గాలి విన్నవాళ్లే గదా.

సరే, చేయడమెలా? అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు సింహళంలో రాసిన 'విసుద్ధిమగ్గ' అనే గ్రంథంలో ఒక వరుస ఉంది. కదలకుండా కూర్చోండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. అలా వదులుతుంటే గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఇప్పుడు "సుఖంగా ఉండాలి, భయం లేకుండా ఉండాలి" అని మనసులో కోరుకోవాలి. ఎవరికి? ముందు మీకే! ఇది స్వార్థం కాదు. నాకు సుఖం కావాలని తెలిసినప్పుడే గదా, ఎదుటివాడికీ కావాలని తెలిసేది.

తరువాత మీకు ఇష్టమైనవారు. ఉద్దానంలో ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లు మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. ఆ జబ్బుకు కారణమేమిటో శాస్త్రజ్ఞులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. మైత్రీభావన దాన్ని నయం చేయదు సుమా! వైద్యం డాక్టర్లే చేయాలి. అందుకు 2023లో పలాసలో ప్రత్యేకంగా ఆసుపత్రి తెరిచారు. కాని నాన్న మంచం పక్కన కూర్చున్న పిల్లవాడికి గుండె దడ ఉంటుందే, అది తగ్గడానికి ఇది ఉపయోగపడవచ్చు. ఎంతకీ తగ్గకపోతే ఇంట్లోవాళ్లకో మాస్టారికో చెప్పాలి, దాచుకోకూడదు.

ఆ తరువాత ముక్కూమొగం తెలియనివారు. మీరు తినే జీడిపప్పు పలాసలో ఎవరో పిక్క కొట్టి తీసిందే. ఆ పిక్క పెంకులోని నూనె తగిలితే చేతులు పొక్కిపోతాయి. ఆ చేతుల మనిషిని తలచుకోండి.

చివరికి మీతో పోట్లాడినవాడు. వాడితో మొదలుపెట్టవద్దని బుద్ధఘోషుడు ముందే హెచ్చరించాడు. తలచుకోగానే కోపం వస్తే, తిరిగి ఇష్టమైనవారి దగ్గరికి వెళ్లమన్నాడు. నాకు ఈ సలహా చాలా నచ్చింది.

మనుషులతోనే ఆగనక్కరలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే కొంగలను ఆ ఊరివాళ్లు అతిథుల్లా చూసుకుంటారు. వాళ్లకు ఎవరూ మెత్తా పాఠం చెప్పి ఉండరు!

ఇది పనిచేస్తుందా అని శాస్త్రజ్ఞులూ చూశారు. బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఉద్యోగులచేత కొన్ని వారాలపాటు మైత్రీభావన చేయించి, 2008లో ఫలితాలు ప్రకటించింది. వారాలు గడిచేకొద్దీ వాళ్లలో సంతోషం, కృతజ్ఞత వంటి భావాలు పెరుగుతూ వచ్చాయి. మొదటి రోజే ఏమీ తెలియలేదని మానేయకండి మరి.

బౌద్ధగ్రంథాలు మైత్రికి పదకొండు ఫలాలు చెబుతాయి. వాటిలో మొదటి మూడూ ఏమిటో తెలుసా? సుఖంగా నిద్రపట్టడం, సుఖంగా మేలుకోవడం, పీడకలలు రాకపోవడం.